రంది, పానం, నిమ్మళం: సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల శ్రామిక కథనాల్లో అస్థిర ఉపాధి

వ్యాససంగ్రహం

సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు, కోరుట్ల, జగిత్యాల ప్రాంతపు బీడీ కార్మికులు, అక్కడి నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన వలస కార్మికులు తెలంగాణ సాహిత్యంలోనూ, పత్రికా కథనాల్లోనూ విస్తారంగా కనిపిస్తారు. అయితే వారి జీవితం ప్రధానంగా మరణం ద్వారానే చదువరికి పరిచయమవుతున్నది. రేపు పని ఉంటుందో లేదో తెలియని స్థితి దేహాన్ని, మనసును నెమ్మదిగా అరగదీసే తీరు ఈ కథనాల్లో వెనుకబడిపోయింది. ఈ వ్యాసం ఆ లోపానికి గల సాహిత్య కారణాలను పరిశీలించి, ప్రాంతీయ వ్యవహారంలోని 'రంది', 'పానం', 'నిమ్మళం' అనే మాటలను విమర్శ పరిభాషగా స్వీకరించవచ్చునని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అస్థిర ఉపాధి, మరమగ్గం, బీడీ, గల్ఫ్ వలస, శ్రామిక పదజాలం, ఆరోగ్యం

1. ప్రవేశిక

తెలుగు అభ్యుదయ, విప్లవ సాహిత్య విమర్శ శ్రమదోపిడిని చదవడానికి బలమైన పనిముట్లను తయారుచేసుకొన్నది. వెట్టి, నాగు, కౌలు, వడ్డీ వంటి వాటిని కథలోనో నవలలోనో గుర్తించడం, వాటి వెనుక ఉన్న వర్గసంబంధాన్ని విప్పి చెప్పడం మన పరిశోధకులకు బాగా తెలిసిన పని. ఆ పనిముట్లకు పదును పెట్టిన నేలల్లో జగిత్యాల, సిరిసిల్ల ముఖ్యమైనవి. 1978 సెప్టెంబర్ 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, అదే ఏడాది అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, ఆ కాలపు కరీంనగర్ రైతాంగ పోరాటాలను చిత్రించిన అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' వంటి నవలలు తెలుగు సాహిత్య చరిత్రలో స్థిరపడిన విషయాలు.

ఆ సాహిత్యంలో శ్రామికుని ఎదుట ఒక దొర ఉన్నాడు, ఒక గడి ఉన్నది. వెట్టి అన్యాయమైనది, కాని అనిశ్చితమైనది కాదు. తెల్లవారితే ఎవరి వాకిట్లో నిలబడాలో వెట్టివానికి తెలుసు. విముక్తి అంటే ఆ వాకిలి దాటడమే. ఆ తరువాతి దశాబ్దాల్లో ఇదే ప్రాంతపు శ్రామికుడు ఎదుర్కొన్న పరిస్థితి దీనికి భిన్నమైనది. అతణ్ణి ఎవరూ కట్టివేయలేదు. అయితే ఎవరూ పిలుస్తారన్న భరోసా కూడా లేదు. ఈ నెల నూలు వస్తుందా, ఈ వారం ఆకు ఇస్తారా, ఈ ఏడు వీసా పొడిగిస్తారా అన్నవే అతని ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన మనిషి ఎదుట లేడు. ఎదురులేని ఈ ఎదిరిని చిత్రించడంలో మన సాహిత్యం ఎక్కడ నిలిచింది, దాన్ని చదవడంలో మన విమర్శ ఎక్కడ ఆగింది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే విషయాలు.

2. మూడు ఊళ్లు, ఒక కుటుంబం

సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. జగిత్యాల, కోరుట్ల పట్టణాలు, వాటి చుట్టుపక్కల పల్లెలు బీడీలకూ గల్ఫ్ వలసకూ పేరుపొందాయి. 2016 అక్టోబర్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రం కాగా, కోరుట్ల కొత్త జగిత్యాల జిల్లాలో చేరింది. పాలనాపరంగా ఇవి వేరైనా శ్రామిక జీవితంలో వేరు కావు. మగ్గం నడిపే భర్త, బీడీలు చుట్టే భార్య, దుబాయికో మస్కటుకో వెళ్లిన కొడుకు ఒకే ఇంట్లో ఉండడం ఈ ప్రాంతంలో సాధారణం. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ ఉద్యమకాలంలో నలుగురి నోట నానిన ప్రాసమాట ఈ జిల్లాల బతుకుదారుల పట్టికే. అయితే ఆ మాటలో ఇంట్లోనే ఉండి పనిచేసే స్త్రీ లేదు. బీడీ ఆ ప్రాసలోకి రాలేదు. ఈ మినహాయింపు యాదృచ్ఛికం కాదని ముందుముందు తేలుతుంది.

ఈ మూడు పనులకూ ఉమ్మడి లక్షణం ఒకటి ఉన్నది. పనికి పని లెక్కన కూలి, పనిదినాలకు హామీ లేకపోవడం, అసలు యజమాని కంటికి కనిపించకపోవడం. సిరిసిల్లలో మీటరు, పిక్కుల లెక్కన. బీడీలకు వెయ్యి లెక్కన. గల్ఫ్‌లో వీసా గడువు లెక్కన బతుకు కొలత జరుగుతుంది. గై స్టాండింగ్ 2011లో వెలువరించిన గ్రంథంలో 'ప్రికారియట్' అన్న పేరుతో వర్ణించిన వర్గానికి పాశ్చాత్య దేశాల్లో ఇది కొత్త పరిణామం. ఒకప్పుడు స్థిరంగా ఉన్న ఉద్యోగం సడలిపోవడం దాని కథ. ఇక్కడ స్థిరమైన ఉద్యోగమనే పూర్వస్థితి అసలే లేదు. అందుకే ఆ పదాన్ని యథాతథంగా తెచ్చుకొని అతికించడం కంటే ఈ నేల మాటల్లోనే ఆ అనుభవానికి పేర్లు ఉన్నాయేమో చూడడం మేలు.

3. పదజాలంలో అనిశ్చితి

సిరిసిల్లలో మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. సాంచాల యజమానికీ కార్మికునికీ నడుమ 'ఆసామి' ఉంటాడు. ఆసామి అన్న మాటకు తెలుగులో భూమీ పుట్రా ఉన్న పెద్దమనిషి అన్న అర్థచ్ఛాయ ఉన్నది. సిరిసిల్ల ఆసామి మాత్రం కొద్దిపాటి సాంచాలు పెట్టుకొని, పెద్ద యజమాని ఇచ్చిన నూలును గుడ్డగా నేసి ఇచ్చి, కూలి తీసుకొనే వాడు. మగ్గం అతనిది, నూలు అతనిది కాదు; కరెంటు బిల్లు అతనిది, గుడ్డ ధర అతని చేతిలో లేదు. పేరుకు యజమాని, స్థితికి కూలి. నష్టభయాన్ని పైనుంచి కిందికి దించే ఏర్పాటంతా ఈ ఒక్క మాటలో ఒదిగి ఉన్నది. ఆసామి కింద సాంచాలు నడిపేవారు, వార్పిన్, వైపని కార్మికులు, కాండీలు చుట్టే స్త్రీలు, హమాలీలు ఉంటారు. ఎక్కువ పేర్లు పనికి ఉన్నాయి కాని పనివారికి లేవు.

ఈ వ్యవస్థలోని సూక్ష్మం చట్టం ముందు కూడా పనిచేస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తుతో నడిచే చోట పదిమంది పనివారుంటేనే ఫ్యాక్టరీగా లెక్కించింది. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపాన్ని, పత్తి ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును ఆ చట్టపు మూడో షెడ్యూలు వృత్తివ్యాధులుగా గుర్తించింది. కాని నాలుగో ఎనిమిదో సాంచాలున్న ఆసామి షెడ్డు ఆ లెక్కకు అందదు. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి ఆ సంఖ్యను 20కి పెంచింది. కాబట్టి సాంచాల చప్పుడులో పన్నెండేసి గంటల పాళీలు చేసి చెవి మందగించిన కార్మికునికి ఉన్నది చట్టం గుర్తించిన జబ్బే. అతడు మాత్రం చట్టం గుర్తించిన కార్మికుడు కాడు.

ఇక్కడొక విపర్యయం గమనించదగినది. చెవులు పగిలే ఆ చప్పుడే సిరిసిల్లకు ప్రాణచిహ్నం. సాంచాలు 'బందు' అయితే పట్టణానికి భయం. హాని చేసే శబ్దం కోరదగినదిగా, విశ్రాంతినివ్వవలసిన నిశ్శబ్దం భయపెట్టేదిగా మారడం అస్థిర ఉపాధి చేసే మొదటి పని. ఆరోగ్యానికి చెరుపు చేసే పనిని గురించి ఫిర్యాదు చేయడానికి ఆ పని రేపు ఉంటుందన్న ధైర్యం కావాలి. ఆ ధైర్యం లేనిచోట నొప్పి మాట్లాడదు.

గల్ఫ్ వలస ఇచ్చిన మాటల్లో 'ఖల్లివెల్లి' ముఖ్యమైనది. పోనీ, వదిలేయ్ అన్న అర్థంలోని అరబ్బీ పలుకుబడి ఇది. గల్ఫ్‌లోని మనవారి వాడుకలో అకామా గడువు ముగిసో, కఫీల్‌ను విడిచిపెట్టో కాగితాలు లేకుండా పనిచేసే మనిషికి అది పేరైంది. మాట్లాడే మనిషి నిర్లక్ష్యాన్ని సూచించిన క్రియ, నిర్లక్ష్యానికి గురైన మనిషికి నామవాచకమైంది. కాగితాలు లేనివాడు ఆసుపత్రికి పోవడానికి జంకుతాడు. ఆరోగ్యానికీ ఉపాధి స్థితికీ గల సంబంధాన్ని ఈ పదం ఏ నివేదికకంటే తక్కువ కాకుండా చెబుతుంది.

ఈ ప్రాంతపు వ్యవహారంలో ఆరోగ్యాన్ని గురించిన మాటలు మరింత విలువైనవి. ఒంట్లో బాగాలేకపోతే 'పానం మంచిగ లేదు' అంటారు. ప్రాణం నుంచి వచ్చిన 'పానం' ఇక్కడ దేహం, ఆరోగ్యం, జీవం మూడింటికీ ఒకే మాట. విడవని దిగులుకు 'రంది' అని పేరు. 'రంది పెట్టుకున్నడు' అన్నప్పుడు మనసులోని బాధను మాత్రమే చెప్పడం లేదు. తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, మనిషి చిక్కిపోవడం అందులోనే ఉన్నాయి. దానికి ఎదుటి మాట 'నిమ్మళం'. జ్వరం తగ్గినా నిమ్మళమే, అప్పు తీరినా నిమ్మళమే. మానసిక ఆరోగ్యం, శారీరక ఆరోగ్యం అని విడదీసి చెప్పే శాస్త్ర పరిభాషకు అందని ఏకత్వం ఈ మూడు మాటల్లో ఉన్నది. రందికి కాలవ్యవధి ఉండడం మరొక విశేషం. అది ఒక సంఘటనకు కలిగే స్పందన కాదు, తెగని ఎదురుచూపులో పేరుకొనేది.

4. ఎదురుచూపు చేసే హాని: రెండు అధ్యయనాలు

రంది అన్న మాట చెప్పేదాన్ని సామాజిక శాస్త్రాలు వేరే దారిలో నిరూపించాయి. ఆస్ట్రియాలోని మేరియంతాల్ అనే చిన్న ఊరు ఒకే ఒక బట్టల మిల్లు మీద ఆధారపడి బతికింది. అది మూతపడిన తరువాత మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ ఆ ఊరిని అధ్యయనం చేసి 1933లో గ్రంథం ప్రచురించారు. పనిపోయినవారికి తీరిక దొరికింది కాబట్టి చదువు పెరుగుతుందని ఎవరైనా అనుకొంటారు. కాని గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకొనడం తగ్గిపోయింది. వీధిలో మగవారి నడక వేగం కూడా తగ్గినట్లు వారు లెక్కగట్టి చూపారు. ఆడవారికి ఇంటిపని తప్పలేదు కాబట్టి వారి రోజు చెదిరిపోలేదు. పని పోవడం వల్ల జీతం మాత్రమే కాదు, కాలానికి ఉన్న ఆకృతి పోతుందన్నది ఆ గ్రంథం తేల్చిన విషయం.

లండన్ ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన రెండో వైట్‌హాల్ అధ్యయనం మరొక అడుగు ముందుకు వేసింది. ఒక శాఖను ప్రైవేటుపరం చేయబోతున్నారన్న వార్త వచ్చాక, ఉద్యోగాలు ఇంకా పోకముందే, ఆ శాఖవారు తమ ఆరోగ్యాన్ని గురించి ఇచ్చుకొన్న అంచనా దిగజారినట్లు 1995లో వెలువడిన ఫలితాలు చూపాయి. అంటే పని పోవడం ఎంత హానికరమో, పోవచ్చునన్న ఎదురుచూపూ హానికరమే.

సాహిత్య విమర్శకు ఈ రెండు అధ్యయనాలు ఇచ్చే సూచన ఒకటే. అస్థిర ఉపాధి కథావస్తువైనప్పుడు చిత్రించవలసింది సంఘటనను కాదు, కాలాన్ని. మన కథనాలు ఈ విషయంలో ఏం చేశాయో ఇప్పుడు చూద్దాం.

5. 'ఉరిసిల్ల' రూపకం: దాని ఉపయోగం, దాని హద్దు

గత శతాబ్ది చివర, ఈ శతాబ్ది ఆరంభంలో సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కదిలించాయి. సిరిసిల్ల 'ఉరిసిల్ల' అయిందన్న పదచమత్కారం పత్రికల్లో, సభల్లో, కవితల్లో స్థిరపడింది. ప్రపంచీకరణ ఫలితాల మీద దీర్ఘకాలంగా కవిత్వం రాస్తున్న జూకంటి జగన్నాథం సిరిసిల్ల ప్రాంతపు కవే కావడం, ఈ ప్రాంతం నుంచి బలమైన కవిత్వం రావడం గుర్తుంచుకోవలసినవి. ఆ రూపకం చేసిన మేలును తక్కువ చేయడం తగదు. పట్టించుకోని ప్రభుత్వాన్ని పట్టించుకొనేలా చేసింది. చావు వ్యక్తి బలహీనత కాదనీ, వ్యవస్థ చేసిన పని అనీ గుర్తింపజేసింది.

కాని ఏ రూపకమైనా ఒకదాన్ని చూపుతూ మరొకదాన్ని కప్పుతుంది. ఉరిసిల్ల అన్న మాటకు ప్రమాణం మరణం. చావు జరిగిన రోజు కవిత పుడుతుంది, వార్త పుడుతుంది. అంతకుముందు నూలు రాని వారాలు, అప్పు చేసి తెచ్చిన బియ్యం, బయటికి చెప్పుకోని నడుమునొప్పి, నిద్రపట్టని రాత్రులు ఆ కవితలో కారణాలుగా ఒక పాదంలో ముగుస్తాయి. కథనం వెనక్కి నడుస్తుంది. శవం దగ్గర మొదలై కారణం దగ్గర ముగుస్తుంది. మరణించని వేలమంది కార్మికులు, రందితో బతుకుతున్నవారు, ఈ కథనక్రమంలో పాత్రలు కాలేరు. మరణించబోయేవారుగా మాత్రమే కనిపిస్తారు.

రెండో హద్దు స్త్రీకి సంబంధించినది. ఈ కవితల్లో నేతకార్మికుని భార్య ఎక్కువగా రోదించే రూపంలో వస్తుంది. వాస్తవంలో ఆమె స్వయంగా కార్మికురాలు. సాంచాలు బందైన రోజుల్లో ఇల్లు గడిచేది తరచుగా ఆమె చుట్టిన బీడీల మీద. భర్త పని ఆగినప్పుడు ఆమె పని పెరుగుతుంది. మేరియంతాల్‌లో స్త్రీల రోజు చెదరలేదన్న పరిశీలనను ఇక్కడికి తెస్తే దానికి మరో ముఖం కనిపిస్తుంది. చెదరని ఆ రోజుకు ఖరీదు ఆమె నడుము, ఆమె కళ్లు, ఆమె ఊపిరితిత్తులు చెల్లిస్తాయి. ఆమెను విధవగా గుర్తించిన కవిత్వం కార్మికురాలిగా గుర్తించకపోవడం సానుభూతి కొరత కాదు, రూపం విధించిన పరిమితి.

మూడో హద్దు కాలానికి సంబంధించినది. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల నేతను సిరిసిల్లకు అప్పగించడంతో సాంచాలకు పని దొరికింది. ఉరిసిల్ల మళ్లీ సిరిసిల్ల అయిందన్న కథనం వచ్చింది. కాని పండుగకు నేసే చీర ఏడాదిలో కొన్ని నెలల పని. ఆ ఆర్డరు వచ్చే ఏడు ఉంటుందన్న హామీ ఆసామికి లేదు, కార్మికునికి అంతకన్నా లేదు. 2023 తరువాత ఆ పథకం కొనసాగలేదు. 2024 ఆరంభంలో ఆర్డర్లు లేక సాంచాలు ఆగాయి. అనిశ్చితి తగ్గలేదు, దాని యజమాని మారాడు: బజారు స్థానంలో సర్కారు వచ్చింది. చావు, బతుకు అన్న రెండే గళ్లున్న రూపకానికి ఈ పరిణామం అందదు. ఎందుకంటే ఇది చావూ కాదు, నిమ్మళమూ కాదు.

6. బీడీకట్ట మీది హెచ్చరిక: ఒక పాఠ్యం

బీడీకట్టను కూడా ఒక పాఠ్యంగా చదవవచ్చు. 2016 ఏప్రిల్ 1 నుంచి పొగాకు ఉత్పత్తుల పొట్లాల మీద 85 శాతం మేర బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరిక ఉండాలన్న నియమం అమలులోకి వచ్చింది. ఆ హెచ్చరిక తాగేవాని ఊపిరితిత్తులను ఉద్దేశించినది. అదే పొగాకు దుమ్మును రోజంతా ఒడిలోని చాటలో పెట్టుకొని పీల్చే స్త్రీ ఊపిరితిత్తుల ప్రస్తావన అందులో ఉండదు. ఉండవలసిన స్థలం కాదు గనుక ఉండదనవచ్చు. అయితే ఆమెను ఉద్దేశించిన హెచ్చరిక మరెక్కడ ఉన్నది? వంగి కూర్చోవడం వల్ల వచ్చే మెడ, నడుము నొప్పులు, దగ్గు, కళ్ల మంట ఆమెకు తెలియనివి కావు. తెలిసీ చెప్పకపోవడానికి కారణం ఉన్నది. పొగాకు మీద ఆంక్ష పెరిగిన ప్రతిసారీ, పన్ను పెరిగిన ప్రతిసారీ కార్ఖానాలు పనిదినాలు తగ్గిస్తాయి. 2017లో జీఎస్టీ కింద బీడీల మీద 28 శాతం పన్ను పడింది. ఆరోగ్యం పేరుతో తీసుకొన్న నిర్ణయం ఆమెకు పనిలేమిగా చేరుతుంది. అందుచేత ఆమె తన ఆరోగ్యాన్ని గురించి మాట్లాడితే తన పనికే ఎదురు మాట్లాడినట్లవుతుంది.

చట్టం దృష్టిలో బీడీ కార్మికురాలి స్థితి మరమగ్గాల కార్మికుని కంటే కొంత మెరుగు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటివద్ద పనిచేసేవారినీ కార్మికులుగా గుర్తించింది. 1976 నాటి చట్టం బీడీల మీద సెస్సు ద్వారా సంక్షేమ నిధిని, దాని కింద వైద్యశాలలను ఏర్పరచింది. ఆ సెస్సు 2017లో జీఎస్టీ రాకతో రద్దయింది. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయలతో ప్రారంభించి 2019లో 2016 రూపాయలకు పెంచిన భృతికి 'జీవనభృతి' అని పేరు. ఈ పేరులోని మొదటి మాట ఈ వ్యాసవస్తువు దృష్ట్యా విలువైనది.

దానితో పోల్చితే ఇతర పథకాల స్వభావం స్పష్టమవుతుంది. 2022లో మొదలైన నేతన్న బీమా కింద కార్మికుడు మరణిస్తే కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి. 2024లో ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల పరిహారం ప్రకటించింది. ఇవి ఆ కుటుంబాలకు అవసరమైనవే, వీటి కోసం సంఘాలు పోరాడవలసి వచ్చింది కూడా. కాని కథనరీత్యా వీటి నిర్మాణం ఉరిసిల్ల కవిత నిర్మాణమే. కార్మికుడు వ్యవస్థకు కనిపించే ద్వారం మరణం. బతికి ఉన్నంతకాలం అతని పానం ఎవరి లెక్కలోనూ లేదు. విధానమూ కవిత్వమూ ఒకే చోట చూపు నిలపడాన్ని విమర్శ గమనించకుండా ఉండరాదు. ఒకదాన్ని మరొకటి బలపరచుకొన్నాయనడానికి అవకాశం ఉన్నది.

7. శవపేటిక కథనం

గల్ఫ్ వలస మీద వచ్చిన కథలు, పాటలు, చిత్రాల్లో తరచుగా కనిపించే దృశ్యం విమానాశ్రయం నుంచి ఊరికి వచ్చే శవపేటిక. పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' నవల, పి. సునీల్ కుమార్ రెడ్డి 2017 నాటి 'గల్ఫ్' చిత్రం ఈ వలసను ప్రధానవస్తువుగా స్వీకరించిన రచనల్లో చెప్పుకోదగ్గవి. గల్ఫ్ అనుభవాన్ని తెలుగులో నమోదు చేయడమే ఇంకా పూర్తికాని స్థితిలో వీటి విలువ ఎక్కువ. అయితే ఈ వస్తువు మీద వెలువడే సాధారణ వార్తాకథనం శవపేటిక దగ్గరే ఆగుతుంది. పేటికతో వచ్చే కాగితంలో మరణకారణం గుండె ఆగడమనో సహజమరణమనో ఉంటుంది. ఖతర్‌లో వలస కార్మికుల మరణాలకు సరైన పరిశోధన జరగకుండానే ఇటువంటి ధ్రువపత్రాలు ఇస్తున్నారని అమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021లో నివేదిక వెలువరించింది. యువకుని మరణానికి 'సహజ' అన్న విశేషణం వేయడం వైద్యపరమైన వాక్యమే కాదు, ఒక కథనాన్ని ముగించే వాక్యం కూడా. ఎండలో చేసిన పని, కిక్కిరిసిన గదుల్లో నిద్ర, ఏజెంటు అప్పు, వీసా గడువు దగ్గరపడుతున్న రంది అన్నీ ఆ విశేషణం కింద చెరిగిపోతాయి.

సాహిత్యం చేయగలిగిన పని ఇక్కడే ఉన్నది. చెరిగిపోయిన ఆ మధ్యకాలాన్ని తిరిగి రాయడం కథకు, నవలకు సాధ్యం. అది ధ్రువపత్రానికి సాధ్యం కాదు. శవపేటికతో మొదలుపెట్టే రచన తెలియకుండానే ధ్రువపత్రం చూపును అరువు తెచ్చుకొంటుంది.

8. మరో మార్గం: 'జిగిరి', 'మల్లేశం'

సిరిసిల్ల ప్రాంతపు రచయితైన పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి' నవల నేతకార్మికుల గురించినది కాదు. ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం కుటుంబం కథ. అయినా అస్థిర ఉపాధిని అధ్యయనం చేసేవారికి అది ముఖ్యమైన పాఠ్యం. ఎలుగును వదిలితే భూమి దక్కుతుందన్న ఆశ ఒకవైపు, తిండి పెట్టిన జంతువుతో పెనవేసుకొన్న మమకారం మరొకవైపు నిలిచినప్పుడు నవల యావత్తూ ఆ నడుమ కాలంలో నడుస్తుంది. ఉపాధి పోవడం ఇక్కడ ఒక సంఘటన కాదు. తండ్రికీ కొడుకుకూ, భర్తకూ భార్యకూ మధ్య రోజురోజుకూ పెరిగే ఎడంగా అది కనిపిస్తుంది. ప్రత్యర్థి ఇంట్లోకి రాకుండానే ఇల్లు ప్రత్యర్థులుగా చీలడం అస్థిర ఉపాధి ప్రత్యేక లక్షణం. దొర కనిపించని చోట కోపం పక్కవారి మీదికి మళ్లుతుంది. 'జిగిరి' ఈ మళ్లింపును నిందలేకుండా చూపింది. రంది ఒక మనిషిది కాదు, ఇంటిది అన్న గ్రహింపు ఆ నవల బలం.

రెండో ఉదాహరణ చలనచిత్రం. రాజ్ రాచకొండ దర్శకత్వంలో 2019లో వచ్చిన 'మల్లేశం' చిత్రానికి సంభాషణలు రాసింది కూడా అశోక్ కుమారే. ఆసుయంత్రం రూపొందించి 2017లో పద్మశ్రీ పొందిన చింతకింది మల్లేశం జీవితం దాని ఆధారం. ఇది సిరిసిల్ల సాంచాల కథ కాదు, నల్లగొండ వైపు చేనేత కథ. అయితే ఈ చిత్రంలో కథను నడిపేది తల్లి భుజం నొప్పి. ఒక చీరకు ఆసు పోయడానికి చేయిని వేలసార్లు అటూ ఇటూ తిప్పవలసి వస్తుంది. ఆ నొప్పిని కొడుకు చూడడం, భరించలేకపోవడం, దానికి పరిష్కారం వెతకడం కథ. చేనేత ఇతివృత్తాల్లో అలవాటైన మరణానికి బదులు బతికి ఉన్న దేహపు నొప్పి కథాబీజం కావడం ఇందులోని విశేషం. శ్రామికస్త్రీ ఇక్కడ రోదించే పాత్ర కాదు, పనిచేస్తూ నొచ్చుకొన్న మనిషి.

ఈ చిత్రానికి ఉన్న పరిమితినీ చెప్పాలి. నొప్పికి యంత్రం పరిష్కారమైంది. ఆర్డరు రాకపోవడానికి యంత్రం పరిష్కారం కాదు. సిరిసిల్లలో యంత్రం ఎప్పుడో వచ్చింది, నిమ్మళం రాలేదు. దేహశ్రమను తగ్గించే ఆవిష్కరణకూ, పనికి భరోసానిచ్చే ఏర్పాటుకూ మధ్య ఉన్న దూరం 'మల్లేశం' పరిధికి వెలుపలిది. ఆ దూరాన్ని వస్తువుగా తీసుకొన్న పెద్ద రచన ఈ ప్రాంతం నుంచి రావలసి ఉన్నది.

జానపద సంప్రదాయం కూడా ఇక్కడ ఒక పోలికను ఇస్తుంది. పద్మశాలీల ఆశ్రితులైన కూనపులివారు పటం మీద చెప్పే మార్కండేయ, భావనారుషి కథల్లో నేత దేవతల మానం కాపాడిన పని. అక్కడ నేతగానికి పనిలేని రోజు ఊహకే అందదు. గౌరవమూ పనీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న లోకమది. ఆ కథ విని పెరిగిన కులానికి సాంచా బందు కావడం కూలి నష్టం మాత్రమే కాదు. తానెవరన్న ప్రశ్నకు ఉన్న జవాబు ఆగిపోవడం. ఆరోగ్యాన్ని ఆదాయంతో మాత్రమే కొలిచే చర్చలు ఈ నష్టాన్ని పట్టుకోలేవు.

9. ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలివి. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు శ్రామికుల మీద వచ్చిన కథనాల్లో మరణం కేంద్రస్థానం ఆక్రమించింది. అది చారిత్రక అవసరం నుంచి పుట్టినదే అయినా, బతికి ఉన్న కార్మికుని అనిశ్చితిని, ప్రత్యేకించి బీడీ కార్మికురాలి దేహాన్ని కనుమరుగు చేసింది. సంక్షేమ విధానాల్లోనూ చాలావరకు ఇదే నిర్మాణం కనిపిస్తుంది. 'జిగిరి', 'మల్లేశం' వంటివి సంఘటనకు బదులు కాలాన్ని, మరణానికి బదులు నొప్పిని కథాకేంద్రం చేయడం సాధ్యమేనని చూపాయి.

వెట్టిని చదవడానికి మన విమర్శ ఎదిరి ఎవరు అన్న ప్రశ్న వేసింది. అస్థిర ఉపాధిని చదవడానికి దానితోపాటు మరో మూడు ప్రశ్నలు కావాలి. ఈ రచనలో ఎవరి పానం కనిపిస్తున్నది, ఎవరిది కనిపించడం లేదు? రంది ఎంతకాలం నడిచింది, రచన ఆ కాలానికి ఎంత చోటిచ్చింది? నిమ్మళమంటే ఈ రచనలో ఏమిటి: పనా, పరిహారమా, రేపటి మీద భరోసానా? ఈ మూడు మాటలూ పరభాష నుంచి తెచ్చుకోవలసినవి కావు. సాంచా పక్కన, బీడీల చాట ముందు, గల్ఫ్ గదిలో ఫోను పట్టుకొని ఇప్పటికీ ఈ ప్రాంతపు మనుషులు వాడుతున్నవే. నిఘంటువులో అవి మాండలికాలుగా ఉన్నాయి. విమర్శలో అవి పరిభాషగా నిలబడదగినవి.